పాత కారుకి స్పేర్ కీ: పనిచేసే కీ చేతిలో ఉన్నప్పుడే ఎందుకు చేయించుకోవాలి?

ఈరోజు మాట్లాడుకునేది కారు తాళం చెవి గురించి. అందులో ఏముంది బ్రో, 150 రూపాయలు ఇస్తే సందు చివర గొడుగు కింద కూర్చున్నాయన పది నిమిషాల్లో చేసిచ్చేస్తాడు కదా అంటారా? మేమూ అలాగే అనుకున్నాం. ఆ 150 రూపాయల కీని నమ్ముకున్నందుకు చివరికి మాకు 18 వేలు వదిలాయి. అది ఎలాగో ముందు చెప్తా, ఎందుకో తర్వాత చెప్తా.

మా నాన్న 2011 మోడల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అమ్మినాయన ఒక్కటే కీ ఇచ్చారు. రెండోది ఎక్కడో పోయిందండీ అన్నారు. నాన్న బయట ఒక డూప్లికేట్ చేయించి పర్సులో పెట్టుకున్నారు. డోర్‌కి పెట్టి చూశారు, తెరుచుకుంది, అంతే. రెండేళ్ళపాటు దాన్ని మళ్ళీ బయటికి తీసే అవసరమే రాలేదు.

ఒకరోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీకి ఆగాం. తాగి లేచేసరికి కీ లేదు. టేబుల్ కింద చూశాం, వాష్ బేసిన్ దగ్గర చూశాం, పార్కింగ్ అంతా ఫోన్ టార్చ్ వేసుకుని వెతికాం. దొరకలేదు. నాన్న మాత్రం ఏ కంగారూ లేకుండా పర్సు తీసి, "అందుకేరా ముందుచూపు ఉండాలనేది" అని డూప్లికేట్ బయటికి తీశారు.

డోర్ తెరుచుకుంది. కీ తిరిగింది. ఇంజిన్ స్టార్ట్ అయింది. రెండు సెకన్లు ఆడి ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ అంతే. మీటర్ బోర్డులో కీ బొమ్మ ఉన్న చిన్న లైటు టపటపా కొట్టుకుంటోంది. మేం దాన్ని పట్టించుకోలేదు. పెట్రోల్ రావట్లేదేమో అనుకున్నాం.

గంట తర్వాత లోకల్ మెకానిక్ అన్న వచ్చి, ఆ లైటు చూసి, మా చేతిలో కీ చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సార్, బండి బానే ఉంది. మీ కీలోనే చిప్ లేదు."

కీలో చిప్ ఏంటి?

సినిమాల్లో చూసే ఉంటారు. హీరో స్టీరింగ్ కింద ప్యానెల్ ఊడబీకి, రెండు వైర్లు కలిపి నిప్పురవ్వలు తెప్పించి కారు స్టార్ట్ చేసేస్తాడు. నిజంగానే ఒకప్పటి కార్లలో అది కుదిరేది. దాన్ని ఆపడానికి వచ్చిందే ఇమ్మొబిలైజర్. యూరప్‌లో 1990ల చివర్లో కొత్త కార్లకి దీన్ని తప్పనిసరి చేశారు. మన దగ్గర కూడా 2000 తర్వాత వచ్చిన చాలా కార్లలో ఇది ఉంది. మారుతి వాళ్ళు దీన్ని ఐక్యాట్స్ అంటారు. వేరే కంపెనీలు వేరే పేర్లు పెట్టుకున్నాయి. లోపల జరిగేది మాత్రం దాదాపు ఒకటే.

మీ కీకి ఉన్న ప్లాస్టిక్ తలకాయలో ఒక చిన్న చిప్ ఉంటుంది. కొన్నిట్లో గాజు గొట్టంలా బియ్యం గింజ కంటే కాస్త పెద్దగా, కొన్నిట్లో నల్లటి చిన్న దిమ్మలా ఉంటుంది. దీన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. దీనికి బ్యాటరీ ఉండదు. హైదరాబాద్ మెట్రోలో స్మార్ట్ కార్డు గేటు దగ్గర పెడితే తెరుచుకుంటుంది కదా, ఆ కార్డుకి మీరు ఎప్పుడైనా ఛార్జింగ్ పెట్టారా? ఇదీ అలాంటిదే. ఇగ్నిషన్ కీహోల్ చుట్టూ ఒక రాగి కాయిల్ ఉంటుంది. కీ పెట్టి తిప్పగానే ఆ కాయిల్ ఒక రేడియో ఫీల్డ్ పుట్టిస్తుంది. చాలా కార్లలో దాని ఫ్రీక్వెన్సీ 125 కిలోహెర్ట్జ్. ఆ ఫీల్డ్ నుంచే చిప్‌కి కరెంట్ అందుతుంది, అది లేచి జవాబిస్తుంది.

మరీ పాత కార్లలో చిప్ తన నంబర్ చెప్పేసి ఊరుకునేది. ఆ తర్వాత వచ్చినవాటిలో కారు ముందుగా ఒక ప్రశ్న పంపుతుంది. అది ప్రతిసారీ వేరే అంకె. చిప్ తన దగ్గరున్న రహస్య కోడ్‌తో లెక్క కట్టి జవాబు పంపుతుంది. సరిపోతే ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోలూ స్పార్కూ వదులుతుంది. సరిపోకపోతే కట్. కొన్ని బళ్ళలో స్టార్టర్ మోటరే తిరగదు. కొన్నిట్లో మా బండిలాగా రెండు సెకన్లు ఆశపెట్టి ఆగిపోతుంది.

అంటే కారు కీ ఒకటే అయినా అందులో తాళాలు రెండు. ఇనప బ్లేడు డోర్‌నీ స్టీరింగ్ లాక్‌నీ తెరుస్తుంది. చిప్ ఇంజిన్‌కి పర్మిషన్ ఇస్తుంది. గొడుగు కింద ఆయన మా నాన్నకి బ్లేడు పర్‌ఫెక్ట్‌గా చేసిచ్చాడు, అందులో ఆయన తప్పేం లేదు. మేమే సగం తాళం చేయించుకుని మొత్తం ఉందనుకున్నాం.

ఇక్కడే ఇంకో కన్‌ఫ్యూజన్ ఉంది. లాక్, అన్‌లాక్ బటన్లు ఉన్న రిమోట్ వేరు, ఈ చిప్ వేరు. రిమోట్‌కి బ్యాటరీ కావాలి, చిప్‌కి అక్కర్లేదు. కీ పెట్టి తిప్పే కార్లలో రిమోట్ బ్యాటరీ అయిపోయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. అలాగే రిమోట్‌తో డోర్లు తెరుచుకుంటున్నాయి కదా అని, ఆ కీతో ఇంజిన్ స్టార్ట్ అవుతుందనే గ్యారంటీ లేదు. ఒకటి పనిచేస్తే రెండోది కూడా పనిచేస్తుందనుకోవద్దు.

ఒక కీ ఉండటానికీ, అసలు లేకపోవడానికీ తేడా

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ వాడే ఉంటారు. మీ ఫోన్ చేతిలో ఉంటే ల్యాప్‌టాప్‌ని యాడ్ చేయడం ఎంతసేపు? క్యూఆర్ స్కాన్ చేస్తే అయిపోయింది. అదే ఫోనూ పోయి, సిమ్మూ పోతే? అప్పుడు ముందు మీరు మీరేనని నిరూపించుకోవాలి. కారు కీ కూడా అంతే.

కారు మెమరీలో తనకి తెలిసిన కీల లిస్టు ఒకటి ఉంటుంది. పనిచేసే కీ చేతిలో ఉంటే రెండు దారులు ఉంటాయి.

మొదటిది ప్రోగ్రామింగ్. కొత్త చిప్ ఉన్న కీ తీసుకుని, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి స్కానర్ పెట్టి, కారుకి ఆ కీని పరిచయం చేస్తారు. చాలా బళ్ళకి ఈ పని చేయడానికి ఒక పిన్ కోడ్ కావాలి. షోరూమ్ వాళ్ళు ఛాసిస్ నంబర్ ఆధారంగా దాన్ని కంపెనీ నుంచి తెప్పిస్తారు. బయట స్పెషలిస్టులు కొన్ని మోడళ్ళలో టూల్‌తో చదువుతారు.

రెండోది క్లోనింగ్. మీ పాత కీలోని చిప్‌ని చదివి, అదే సమాచారం ఇంకో చిప్‌లో రాసేస్తారు. దీనికి కారు మెమరీని ముట్టుకోనక్కర్లేదు. కారు దృష్టిలో రెండూ ఒకటే కీ. త్వరగా అవుతుంది, సాధారణంగా ఖర్చూ తక్కువే. కానీ ఒక చిక్కుంది. రేపు ఆ రెండిట్లో ఒకటి పోయిందనుకోండి, పోయినదాన్ని ఒక్కదాన్నే లిస్టులోంచి తీసేయలేరు. రెండిటికీ ఒకే గుర్తింపు కాబట్టి ఒకదాన్ని తీసేస్తే మీ చేతిలో ఉన్నదీ పోతుంది. అందుకే కుదిరితే ప్రోగ్రామింగే చేయించండి.

ఇక ఒక్క కీ కూడా లేకపోతే? కీ మేకర్లు దీన్ని ఆల్ కీస్ లాస్ట్ అంటారు. క్లోన్ చేయడానికి చిప్ లేదు. బ్లేడు నకలు తీయడానికి నమూనా లేదు. కారుని కదిలించలేరు, కాబట్టి రికవరీ వ్యాన్ ఎక్కించాలి. పిన్ కోసం ఎదురు చూడాలి. కొన్ని మోడళ్ళలో ఇమ్మొబిలైజర్ బాక్స్ ఊడదీసి అందులోని మెమరీ చిప్‌ని చదవాలి. అదీ కుదరకపోతే బాక్స్, ఈసీయూ, కీలు కలిపి సెట్టు మార్చాలి. రెండేళ్ళ ముందే ఒక పూటలో అయిపోయే పనికి మేం నాలుగు రోజులు తిరిగాం. సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాకా బండి తెచ్చినందుకు 7 వేలు, కీలకీ ప్రోగ్రామింగ్‌కీ 11 వేలు. అదీ లెక్క. మీ బండికీ మీ ఊరికీ రేటు వేరుగా ఉంటుంది కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని బేరమాడకండి.

అమెరికాలో చదువుకోడానికి వెళ్ళి పాత క్యామ్రీ, కరోలా కొనుక్కునే మనవాళ్ళకి ఒక మాట. 1990ల చివర్లో, 2000ల్లో వచ్చిన టొయోటాల్లో చాలావాటికి నల్ల తల ఉన్న కీ మాస్టర్, బూడిద రంగు తల ఉన్నది వ్యాలే కీ. బూడిద రంగుదానితో బండి నడుస్తుంది కానీ కొత్త కీని యాడ్ చేయడం కుదరదు. కాబట్టి కొనేటప్పుడు ఏ కీ ఇస్తున్నారో చూసుకోండి.

అసలు షాక్ ఇక్కడ

నాలుగో రోజు టెక్నీషియన్ స్కానర్ పెట్టి, స్క్రీన్ చూసి, నాన్నని అడిగాడు. "సార్, మీ బండికి మూడు కీలు ఉన్నాయి కదా, మిగతా రెండూ తేలేదా?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాకు అమ్మినాయన ఇచ్చింది ఒకటి. ఎక్కడో పోయిందని చెప్పింది ఒకటి. మరి మూడోది? ఎప్పుడు, ఎవరు యాడ్ చేయించారు? ఆ కీ ఎవరి దగ్గరుంది? రెండేళ్ళపాటు మా బండి రాత్రిళ్ళు అపార్ట్‌మెంట్ బయట రోడ్డు మీదే ఉంది. మాకు తెలియని రెండు కీలు దాన్ని ఏ క్షణంలోనైనా స్టార్ట్ చేయగలవు.

ఎవరో దొంగ బుద్ధితోనే చేశారని నేననట్లేదు. మొదటి ఓనర్ ఇంట్లో ఏ అల్మారాలోనో పడి ఉండొచ్చు. కానీ పాత ఇంటి అద్దెదారు దగ్గర తాళం చెవి ఉండిపోతే మీకు నిద్ర పడుతుందా?

మంచి విషయం ఏంటంటే, చాలా బళ్ళలో కీ ప్రోగ్రామ్ చేసేటప్పుడే పాత లిస్టు మొత్తం చెరిపేసి, ఎదురుగా ఉన్న కీల్ని మాత్రం మళ్ళీ రాయొచ్చు. మాకు అలాగే చేశారు. ఆ రెండు కీలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నా డోర్ తెరుచుకుంటుందేమో కానీ ఇంజిన్ మాత్రం స్టార్ట్ అవ్వదు. ఇందులోనే ఒక జాగ్రత్త కూడా ఉంది. కొన్ని మోడళ్ళలో కొత్త కీ యాడ్ చేస్తే పాతవన్నీ ఆటోమేటిగ్గా లిస్టులోంచి పోతాయి. కాబట్టి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న కీలన్నీ పట్టుకెళ్ళండి. ఒకటి ఇంట్లో వదిలేసి వెళ్తే తిరిగొచ్చేసరికి అది ఉత్త ఇనప ముక్క అయిపోవచ్చు.

పాత చిప్ ఎంత గట్టిది?

ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు ఇక్కడ ఒక డౌట్ వచ్చింది. చిప్‌లో రహస్య కోడ్ ఉంటే క్లోనింగ్ ఎలా కుదురుతోంది? జవాబు సింపుల్. ఆ రోజుల్లో వాడిన లాక్ బలహీనమైనది.

2005లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్‌ఎస్‌ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కారు చిప్‌ని ఛేదించి చూపించారు. అందులోని రహస్య కోడ్ 40 బిట్లే. 2012లో ఇంకో బృందం, చాలా కార్లలో వాడిన హైట్యాగ్2 అనే 48 బిట్ల చిప్‌ కోడ్‌ని 360 సెకన్ల లోపు, అంటే ఆరు నిమిషాల్లో రాబట్టొచ్చని నిరూపించింది. మెగామోస్ అనే మరో చిప్ మీద చేసిన పరిశోధనని 2013లో ఫోక్స్‌వ్యాగన్ బ్రిటన్ కోర్టుకెళ్ళి ఆపించింది. చివరికి అది 2015లో బయటికొచ్చింది.

దీనర్థం రేపే మీ బండి పోతుందని కాదు. ఈ పనికి టూల్ కావాలి, తెలివి కావాలి, టైమ్ కావాలి. కానీ మీకు స్పేర్ కీ ఈజీగా దొరకడానికి ఏది కారణమో, వేరేవాళ్ళకి కూడా దొరకడానికి అదే కారణం. కీ ఒక్క పది నిమిషాలు తెలియని చేతిలో ఉంటే చాలు. వాటర్ వాష్‌కి ఇచ్చేటప్పుడు ఇంటి తాళాలతో సహా గుత్తి మొత్తం ఇచ్చేయకండి. పాత బండి అయితే గేర్ లాకో, స్టీరింగ్‌కి అడ్డంగా పెట్టే రాడ్ లాకో పెట్టుకోండి. అది ఏ సాఫ్ట్‌వేర్‌కీ లొంగదు.

ఇన్సూరెన్స్ మాట

ఇది చాలామందికి తెలియదు. బండి దొంగతనం అయిందని క్లెయిమ్ పెడితే, ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగేవాటిలో కీలు కూడా ఉంటాయి. ఒకటి కాదు, అన్నీ. ఒకటే ఇస్తే రెండోది ఏదీ అంటారు. కీ బండిలోనే వదిలేశారా, మీరే ఎవరికైనా ఇచ్చారా అని ఆరా తీస్తారు. చెప్పుకోడానికి ఆధారం లేకపోతే క్లెయిమ్ ఇరుక్కుంటుంది.

కాబట్టి కీ పోతే దొరుకుతుందిలే అని ఊరుకోకుండా పోలీస్ స్టేషన్‌లో పోయినట్టు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. కొత్త కీ చేయించిన బిల్లు దాచుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. కొన్ని పాలసీల్లో కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్ ఆన్ కూడా ఉంటుంది. మీ పాలసీలో అది ఉందేమో ఇవాళే ఒకసారి చూడండి.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

ఒకటి. మీ ఇంట్లో ఉన్న స్పేర్ కీ తీసుకెళ్ళి ఇంజిన్ స్టార్ట్ చేయండి. డోర్ తెరిచి చూడటం టెస్ట్ కాదు. ఇంజిన్ ఒక నిమిషం ఆడాలి. టెస్ట్ చేసేటప్పుడు అసలు కీ దూరంగా పెట్టండి, ఎందుకంటే పక్కనే ఉంటే దాని చిప్‌నే కారు చదివేయొచ్చు.

రెండు. సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే ఈ టెస్ట్ చేయండి. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌తో కీ తలకాయని నాలుగు చుట్లు గట్టిగా చుట్టండి, బ్లేడు మాత్రం బయటికి ఉంచండి. ఇప్పుడు తిప్పితే ఇంజిన్ ఆడకూడదు. మామూలుగా ఆడుతోందంటే, ఆ మోడల్‌కి ఇమ్మొబిలైజర్ లేకపోయి ఉండాలి, లేదా ఎవరో దాన్ని బైపాస్ చేసి ఉండాలి. కొందరు ఖర్చు తగ్గించడానికి ఒక చిప్‌ని కాయిల్ పక్కనే టేపుతో అంటించేస్తారు. అప్పుడు ఏ ఇనప కీతోనైనా బండి స్టార్ట్ అవుతుంది. మీకే కాదు, దొంగకి కూడా.

మూడు. కీ తలకాయ విరిగిందని ఆన్‌లైన్‌లో ఫ్లిప్ కీ షెల్ తెప్పించుకుంటే, అది ఖాళీ డొక్క మాత్రమే. పాత కీలోని చిప్‌ని జాగ్రత్తగా తీసి అందులో పెట్టాలి. ఆ చిన్న గింజని చూడకుండా పాత షెల్‌ని చెత్తబుట్టలో వేసేవాళ్ళు ఉన్నారు. కొత్త కీతో బండి స్టార్ట్ అయ్యేదాకా పాతది పారేయకండి.

నాలుగు. కీతో పాటు వచ్చే చిన్న ట్యాగ్ మీద ఒక నంబర్ ఉంటుంది. అది బ్లేడు కట్ చేయడానికి కోడ్. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, కానీ ట్యాగ్‌ని కీ గుత్తికి తగిలించకండి, బండిలో వదలకండి, ఎవరికీ పంపకండి.

ఐదు. చేయించడానికి వెళ్ళేటప్పుడు ఆర్‌సీ, ఐడీ ప్రూఫ్, ఉన్న కీలన్నీ తీసుకెళ్ళండి. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే ముందు ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, లేకపోతే పిన్ దగ్గరే ఆగిపోతారు. ఏ పేపర్లూ అడగకుండా కీ చేసిచ్చే మనిషి దొరికితే సంబరపడకండి. మీకు చేసినట్టే ఇంకెవరికైనా మీ బండి కీ చేసిస్తాడు. బండి బ్యాటరీ వీక్‌గా ఉంటే అది కూడా ముందే చెప్పండి, ప్రోగ్రామింగ్ మధ్యలో వోల్టేజ్ పడిపోతే కొత్త తలనొప్పి.

ఆరు. పని అయ్యాక రెండు ప్రశ్నలు అడగండి. ఇది క్లోనా, ప్రోగ్రామా? ఇప్పుడు కారు మెమరీలో ఎన్ని కీలు ఉన్నాయి? స్క్రీన్ మీద అంకె చూపించమనండి. మీ చేతిలో ఉన్న కీల సంఖ్యా ఆ అంకే ఒకటి కావాలి. ఒకటి క్లోన్ అయితే మాత్రం అంకెలో అది కనపడదు, గుర్తుపెట్టుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండు కీలు ఉన్నాయి. ఒకటి నాన్న జేబులో, ఒకటి అమ్మ బీరువాలో. ప్రతి నెలా ఒకటో తారీఖున అమ్మ ఆ రెండో కీ తీసిస్తుంది, ఆ రోజు బండి దానితోనే నడుస్తుంది. 150 రూపాయల కీ కూడా ఉంది. నాన్న దాన్ని పారేయలేదు. డోర్ లాక్ పడిపోతే పనికొస్తుందట. ఆ మాటా నిజమే.

మీ ఇంట్లో ఒకే కీ ఉన్న బండి ఉంటే, ఈ వీకెండ్‌లోపు ఆ పని చూసుకోండి. ఆ ఒక్కటీ పోయాక ఈ ఎపిసోడ్ మళ్ళీ చూసినా పెద్దగా లాభం ఉండదు. మళ్ళీ కలుద్దాం. బై.